సముద్రం ఒడ్డున ఇల్లు: ఏ నెలలో ఏం కనిపిస్తుంది? ఉన్నవాళ్లు చెప్పండి

వంశధార_ఒడ్డు:
శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర మా పెదనాన్న కట్టించిన రెండు గదుల పెంకుటిల్లు ఉంది, సరుగుడు తోపు దాటితే ఇసకే. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి మొన్న దసరాకి వచ్చేశాను. పాములంటే భయం, అందుకని సముద్రం వైపు గోడకి పెద్ద ఎల్‌ఈడీ లైటు పెట్టించాను. సంక్రాంతి అయ్యాక పక్క పల్లె తాత ఒకాయన వచ్చి "లైటార్పీ బాబూ, తాబేళ్లొచ్చీ రోజులు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఒక్క లైటుకి అంత తేడా పడుతుందా? ఏడాది పొడవునా ఇక్కడ ఏం వస్తాయి, ఏం పోతాయి, చేపలు ఎప్పుడు కొనాలి, అవి కూడా చెబుతారా?

బారువ_అల్లుడు:
ఈ రాత్రే ఆర్పేయండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో నూరు దాకా ఉంటాయి. వెలుతురు కనబడితే తల్లి ఒడ్డెక్కకుండానే వెనక్కి పోతుంది. పిల్లల సంగతి ఇంకా ఘోరం. 45 నుంచి 60 రోజులకి ఇసకలోంచి బయటికొచ్చి, ఎటు వెలుగుంటే అటే నడుస్తాయి. చీకటి రాత్రి ఆ వెలుగు నీళ్ల మీదే ఉంటుంది కాబట్టి సముద్రంలోకి పోతాయి, మన లైటుంటే మనింటికొస్తాయి. మా మావగారింట్లో ఓ ఏప్రిల్‌లో వరండా లైటు ఆర్పడం మర్చిపోయాం. తెల్లారి చూస్తే చెప్పుల స్టాండు కింద, తులసికోట చుట్టూ, ఒకటైతే బాత్రూం తూములో. కాకులు మాకంటే ముందే వచ్చేశాయి. మిగిలినవాటిని తడి ఇసక వేసిన బకెట్లో తీసుకెళ్లి అలల్లో వదలబోతే హేచరీ (తాబేలు గుడ్లు కాపాడి పొదిగించే చోటు) కుర్రాడు తిట్టాడు, ఇసక మీద పెట్టండి, వాటంతటవే నడిచి పోవాలి అని.

జాలరిపేట_కుర్రోడు:
ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లని చూసి అందరూ మమ్మల్నే అంటారు. మా అమ్మమ్మ వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి వదిలించేది. శ్రీకూర్మం పక్కన పుట్టినవాళ్లం, దాన్ని చంపుతామా? ట్రాలర్లు, అంటే పెద్ద మరబోట్లు, వల సముద్రం అడుగున వేసి గంటలకొద్దీ లాగుతాయి, తాబేలు ఊపిరి పీల్చుకోడానికి పైకి రాలేక లోపలే చస్తుంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదు, అయినా రాత్రిళ్లు వాటి లైట్లు మా ఇళ్లలోంచి కనిపిస్తాయి.

చేపల గురించి అడిగారు కదా. చలికాలంలో కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు బాగా పడతాయి. తెల్లారకముందే వెళ్లి, అలివి వల (ఒడ్డున నిలబడి జనం లాగే పెద్ద వల) లాగే చోట నిలబడండి. మీరూ తాడు పట్టుకుని ఓ చెయ్యి వేస్తే మంచిది, కూరకి సరిపడా చేపలు చేతిలో పెట్టి పంపుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని తెప్పలు వెళ్తాయి కానీ వాటికి పడేది ఎంత? ఆ రెండు నెలలూ ఊళ్లో వలలు బాగుచేసుకోవడం, పెళ్లిళ్లు, అప్పులు.

టెక్కలి_టీచరమ్మ:
పక్షుల గురించి ఎవరూ చెప్పలేదే! చలికాలంలో ఓ ఆదివారం తేలినీలాపురం వెళ్లిరండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి, కింద జనం మామూలుగా తిరుగుతుంటారు. అక్కడివాళ్లకి అవి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలే. నౌపడ ఉప్పుమళ్ల వైపు పొద్దున్నే వెళ్తే బురదలో పురుగులు ఏరుకు తినే ఉల్లంకి పిట్టలు బోలెడన్ని. తేలినీలాపురానికి గొడుగు మాత్రం మర్చిపోకండి, గూళ్ల కింద నిలబడ్డ నా చీర సంగతి ఇక్కడ రాయలేను.

ఉద్దానం_నుంచి:
పెంకుటిల్లన్నారు, అక్టోబరు వచ్చేలోపు పైకప్పు చూపించుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట మొత్తం పడుకుంది, పెంకులు ఎక్కడికి పోయాయో తెలీదు. సరుగుడు తోపు ఎవరైనా కొడతామంటే ఒప్పుకోకండి, గాలికి ముందు నిలబడేది అదే.

జాలరిపేట_కుర్రోడు:
ఇంకో మాట, పాములన్నారు. ఇంటి దగ్గరి పాముకి టార్చి చాలు. వలలో పడి ఒడ్డుకొచ్చేది వేరే, సముద్రపు పాము, తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. చచ్చినట్టు పడున్నా చెయ్యి పెట్టకండి, నాగుపాము కంటే విషం.

వంశధార_ఒడ్డు:
అందరికీ థాంక్స్. లైటు పీకేశాను, తాబేళ్లకి ఇబ్బంది లేకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని తిరుగుతున్నాను. నిన్న తెల్లవారుజామున మా తోపు ముందు ట్రాక్టర్ నడిచినట్టు చార కనబడింది, నీళ్లలోంచి వచ్చి మళ్లీ నీళ్లలోకే. మధ్యలో ఇసక కెలికినట్టుంది. కుక్కలు వాసన చూస్తుంటే తాత కర్రతో కాపలా కూర్చున్నాడు, హేచరీవాళ్లు వచ్చి గుడ్లు తీసుకెళ్లేదాకా కదల్లేదు. నేను టీ తెచ్చిచ్చాను, అంతే నా సేవ.

నిషేధం రోజులకని ఎండు నెత్తళ్లు ఇప్పుడే ఆరబెడుతున్నాను. కాకులతో చచ్చిపోతున్నా, ఏం చెయ్యాలి?

జాలరిపేట_కుర్రోడు:
పైన పాత వల కప్పండి. పల్లెలో అడిగితే ఊరికే ఇస్తారు.