డేటా సెంటర్ వస్తుందంటూ భూమి అడుగుతున్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

మామిడితోట
విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పటి నుంచి మా పుత్తూరు వైపు కూడా దళారులు తిరుగుతున్నారు. ఏ కంపెనీ అంటే చెప్పరు, కాగితం చూపరు. నాది నాలుగెకరాల తోతాపురి. 2025లో గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు గానీ, గేటు ముందు వరసలో నిలబెట్టిన ట్రాక్టరులోనే మా కాయ మెత్తబడి రసం కారింది. తోట అమ్మేద్దామనే ఉంది. కానీ తోట పోయినా ఊరు ఇక్కడే ఉంటుంది కదా, బోర్ల సంగతేమిటని భయం.

చిల్లర్ మెకానిక్
అన్నా, మాది సత్యవేడు, పని చెన్నై అంబత్తూరులోని ఒక డేటా సెంటర్‌లో. సర్వర్లు, అంటే అక్కడ రాత్రీపగలూ నడిచే కంప్యూటర్లు, తాగిన కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని తీయడానికి నీళ్లతో చల్లార్చే కూలింగ్ టవర్ పెడితే కరెంటు కలిసొస్తుంది, నీళ్లు ఆవిరవుతాయి. గాలితో చల్లార్చే చిల్లర్లు పెడితే నీళ్లు మిగులుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి, మన మే నెల ఎండల్లో మరీను. కాబట్టి "డేటా సెంటర్ నీళ్లు తాగేస్తుంది" అని గుడ్డిగా అనలేం. ఏ పద్ధతి పెడుతున్నారో అడగాలి.

టవర్ పెడితే యూనిట్‌కు సుమారు 1.8 లీటర్లు అని అమెరికాలో తరచూ వాడే సగటు. 100 మెగావాట్ల కేంద్రం రోజంతా నడిస్తే 24 లక్షల యూనిట్లు, అంటే రోజుకు 43 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 860. వాడిన నీళ్లే తిప్పి వాడతామంటారు, అది నిజమే. అయితే ఆవిరైంది తిరిగి రాదు. మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడతాయి కనుక దాన్నీ అప్పుడప్పుడు వదిలేయాలి. ఆ ఉప్పునీళ్లు ఏ కాలువలో కలుపుతారో కూడా అడగండి.

చిత్తూరు కుర్రాడు
ప్రతిదానికీ వద్దంటే మేం ఎప్పటికీ చెన్నై, బెంగళూరు బస్సులు ఎక్కుతూనే ఉండాలి. శ్రీసిటీ రాకముందు అక్కడ ఏముంది?

చిల్లర్ మెకానిక్
శ్రీసిటీలో ఉన్నవి ఫ్యాక్టరీలు తమ్ముడూ. లైనులో మనుషులు నిలబడి పని చేయాలి. మా భవనంలో రాత్రి షిఫ్టుకు పట్టుమని ఇరవై మంది ఉండం, అందులో సగం సెక్యూరిటీ. కట్టేటప్పుడు మాత్రం వందల మందికి పని దొరుకుతుంది. అది అయ్యాక మేస్త్రీలు వేరే ఊరు చూసుకోవాల్సిందే.

ఆష్‌బర్న్ అత్తగారు
మా అబ్బాయి ఇల్లు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్. వీధి చివర నుంచి మొదలుపెడితే అన్నీ ఇవే భవనాలు. కిటికీలు ఉండవు, పైన ఫ్యాన్ల హోరు మాత్రం ఆగదు. జనరేటర్లను పరీక్షించిన రోజు డీజిల్ వాసన కూడా. అయినా మా కోడలు గట్టిగా తిట్టదు, ఎందుకంటే అక్కడి లౌడన్ కౌంటీ లోపలి కంప్యూటర్ల మీద కూడా ఏటా పన్ను వేస్తుంది. ఆ డబ్బుతో బడులు నడుస్తాయి, ఇంటి పన్ను రేటు తగ్గింది. మన పంచాయతీకి అలాంటిది వస్తుందా?

విశ్రాంత కార్యదర్శి
రాదమ్మా. పంచాయతీ వేసేది ముఖ్యంగా భవనం మీద పన్ను. అదీ ఏపీఐఐసీ (పరిశ్రమలకు స్థలాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) పార్కు లోపలైతే ఐలా, అంటే ఆ పార్కు స్థానిక పాలన సంస్థ, వసూలు చేసి, కొంత వాటా పంచాయతీకి ఇస్తుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, అక్కడ గట్టిగా అడుగుదాం అనుకుంటారు. భవన నిర్మాణం కింద అనుమతి తీసుకుంటే, 2006 పర్యావరణ ప్రకటన ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటితే అనుమతి తప్పదు, కానీ ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. షామియానా వేస్తారని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ప్రభుత్వమే భూమి సేకరిస్తే 2013 చట్టం కింద తొలి ప్రకటన వచ్చాక 60 రోజుల్లో అభ్యంతరం రాసివ్వవచ్చు. దళారికి అమ్మితే అది మామూలు రిజిస్ట్రేషను, ఆ హక్కులేవీ ఉండవు.

ఆష్‌బర్న్ అత్తగారు
నీళ్ల లెక్క మాత్రం కాగితం మీదే తీసుకోండి బాబూ. అమెరికాలోనే ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న పట్టణంలో గూగుల్ ఎంత నీరు వాడుతుందో ఒక పత్రిక అడిగితే, చెప్పబోమని నగరపాలకులే ఆ పత్రిక మీద కోర్టుకెక్కారు. 2022 చివర్లో లెక్క బయటపడితే, అంతకు ముందు ఏడాది ఊరి నీటిలో నాలుగో వంతుకు పైగా దానికే పోయిందట.

మామిడితోట
ఈ ఉదయం దళారిని అడిగాను, కొనేది ఎవరి పేరు మీద, నీళ్లు ఎక్కడివని. "ఆ గొడవ మీకెందుకు, రేటు చూసుకోండి" అన్నాడు. అడ్వాన్సు తీసుకోలేదు. ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు ఎవరికి పెట్టాలి సార్?

విశ్రాంత కార్యదర్శి
ఏపీఐఐసీ తిరుపతి కార్యాలయానికి ఒకటి, తహశీల్దారుకు ఒకటి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, మండలంలో 5. మీ సర్వే నంబర్లు రాసి, ఈ భూములపై ఏ ప్రతిపాదన ఉంది, నీటి కేటాయింపు ఎంత, ఏ వనరు నుంచి అని విడివిడిగా అడగండి. ఒకే ప్రశ్నలో అన్నీ కలిపితే ఒకదానికే జవాబిస్తారు.