రిపోర్టులన్నీ నార్మల్, మెడ నొప్పి మాత్రం తగ్గట్లేదు. పని ఒత్తిడి వల్లేనా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)
అందరికీ నమస్తే. ఒక ప్రైవేటు ఫైనాన్స్ బ్రాంచిలో రికవరీ చూస్తాను. కొన్ని నెలలుగా మెడ నుంచి కుడి భుజం దాకా ఒకటే గుంజుడు, పొద్దున లేచేసరికే దవడలు నొప్పి, మధ్యాహ్నానికి తలనొప్పి. ఎక్స్‌రే, షుగర్, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయని డాక్టరు గోలీలు రాసి టెన్షన్ తగ్గించుకోమన్నారు. రాత్రి పదకొండింటికి కూడా గ్రూపులో రేపటి టార్గెట్ మెసేజ్ వస్తుంది, అది చూశాక ఇక నిద్ర ఎక్కడిది. ఇంతకుముందు కిస్తీ కట్టలేని ఇంటికి పోతే వాళ్ల కష్టం వినేవాణ్ని, ఇప్పుడు ఎవరేం చెప్పినా మనసుకు ఎక్కట్లేదు. రిపోర్టులో ఏం లేదు కదా, నొప్పి ఎక్కడిదని ఇంట్లో అంటున్నారు. నిజంగానే సంబంధం ఉందా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, కాజీపేట)
ఉంది తమ్ముడూ. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ బిగుసుకున్న కండరం కనిపించదు. టెన్షన్‌లో మనకు తెలియకుండానే భుజాలు పైకి లేస్తాయి, పళ్లు బిగబడతాం, నీ దవడ నొప్పి కూడా అందువల్లే కావచ్చు. మొన్న ఒకావిడ మెడ పట్టి చూస్తుంటే ఆమె ఫోన్ మోగింది, ఆఫీసు నుంచట, ఇంకా ఎత్తనే లేదు, నా వేళ్ల కింద ఆ కండరం గట్టిపడిపోయింది. దానికి నిద్రలేమి తోడైతే నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది, నొప్పితో మళ్లీ నిద్ర పట్టదు.

పని ఒత్తిడి చాలాకాలం తగ్గక మనిషి డీలాపడటాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని ఐసీడీ-11 అనే జబ్బుల అంతర్జాతీయ జాబితాలో చేర్చింది, జబ్బుగా కాదు, పనితో ముడిపడ్డ స్థితిగా. ఒళ్లు హూనమవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేతకావట్లేదనిపించడం దాని లక్షణాలు. వాళ్ల కష్టం మనసుకు ఎక్కట్లేదన్నావు చూడు, అది రెండోది. ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో కూడా బర్నౌట్ ఉన్నవాళ్లకు తర్వాత కండరాల నొప్పులు, తలనొప్పులు ఎక్కువగా రావడం కనిపించింది.

కానీ ప్రతిదీ టెన్షన్ ఖాతాలో వేయొద్దు. ఛాతీ పట్టేసి నొప్పి చేతికో దవడకో పాకితే వెంటనే ఆసుపత్రికి పో. చేతిలో పట్టు తగ్గినా, తిమ్మిరి ఉన్నా చూపించుకో.

జవాబు (బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)
ఎక్సర్‌సైజులు నేనూ చేశాను, తగ్గింది, నెలాఖరు రాగానే మళ్లీ మొదలు. పని అట్లనే ఉంటే మెడ ఒక్కటే ఎట్లా మారుతుంది అన్నా? మా బ్రాంచిలో ఒక్కరే అడిగితే ఊరుకోరని నలుగురం కలిసే మేనేజరు దగ్గరికి పోయాం, రాత్రి ఎనిమిది దాటాక మెసేజ్‌లు వద్దని. నెలాఖరు మూడు రోజులు తప్ప ఒప్పుకున్నారు. మీరూ ఒంటరిగా అడగకండి.

జవాబు (జనగామ నుంచి)
మనసు మరీ బరువైతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేయండి బ్రదర్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ థ్యాంక్స్. ఛాతీలో ఏం లేదు. కుడిచేతి వేళ్లలో ఈ వారం నుంచి తిమ్మిరి, బండి మీద ఎక్కువసేపు తిరిగిన రోజు ఇంకా ఎక్కువ.

ఫిజియోథెరపిస్టు
ఏ వేళ్లో సరిగ్గా గమనించు. బొటనవేలి వైపా, చిటికెన వేలి వైపా అన్నదాన్ని బట్టి ఏ నరమో డాక్టరుకు అంచనా దొరుకుతుంది. రేపే పో, సెలవు దొరికేదాకా ఆగకు.