లంకలో చలిమంట వంట: సిల్వర్ పేపరా, అరటాకా?

గౌతమి_గాలి
సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా బాబాయి వాళ్లూ పిల్లలూ వస్తున్నారు. ముక్కనుమ సాయంత్రం గోదారి మధ్య లంకలో ఇసుక తిన్నె మీద చలిమంట వేసుకుని, చేపలు, రొయ్యలు, బంగాళాదుంపలు ఫాయిల్‌లో చుట్టి నిప్పుల మీద పెట్టుకుందామని అనుకుంటున్నాం. మా మేనత్త మాత్రం సిల్వర్ పేపర్‌లో వండితే తాను ముట్టనంటోంది. అరటాకు ఉండగా అదెందుకు అంటోంది. వండిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏది మేలు?

కొబ్బరిడొక్క
మీ మేనత్త గారి మాట వినండి. ఉప్పు, చింతపండు పట్టించిన చేపను అల్యూమినియం రేకులో చుట్టి వేడి చేస్తే ఆ పులుపు రేకును తినేస్తుంది. పొట్లం విప్పాక వెలుతురుకి ఎత్తి చూడండి. బూడిద రంగు మచ్చలు, అక్కడక్కడ సూది బెజ్జాలు కనిపిస్తాయి. ఆ లోహమంతా ఎక్కడికి పోయింది? చేపలోకి, అక్కణ్ణుంచి మన పొట్టలోకి.

అరటాకు ఈనె తీసేసి, మంట మీద అటూ ఇటూ చూపిస్తే మెత్తబడుతుంది, మడిచినా చిరగదు. రెండాకులు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి, చేప పెట్టి, అరటినారతో కట్టండి. పై ఆకు నల్లగా మాడిపోతుంది. లోపలి ఆకు తడిగానే ఉండి, ఆ వాసనంతా చేపకి పడుతుంది. పొట్టిక్కలు పనసాకు బుట్టలో ఉడికించుకు తినే ఊళ్ల వాళ్లం మనం. మనకి రేకు కావాలా?

పాలకొల్లు_కోడలు
వాసన సంగతి తర్వాత. ముందు ఫాయిల్‌లో ఎలా చెయ్యాలో చెబుతాను.

పల్చటి రకం వద్దు, మందం రకం తీసుకోండి, రెండు పొరలు వెయ్యండి. లోపల నూనె రాయండి. అంచులు రెండు మడతలు వేసి నొక్కండి, ఆవిరికి కాస్త చోటు వదలండి. అన్నీ ఒకే పొట్లంలో కలిపేస్తే పాడవుతాయి. బంగాళాదుంప పల్చగా చక్రాల్లా కోసినా అరగంట దాకా పడుతుంది, రొయ్యలు పది నిమిషాలు దాటితే గట్టిపడిపోతాయి. కాబట్టి దుంపల పొట్లాలు ముందు, చేప తర్వాత, రొయ్యలు చివర. కొబ్బరి డొక్కలు భగ్గున మండి చప్పున ఆరిపోతాయి, మంట అంటించడానికే వాడుకోండి. వంటకి కొబ్బరి చిప్పలు గానీ సరుగుడు కర్రలు గానీ కావాలి. మంట పూర్తిగా తగ్గి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కట్టాకే పొట్లాలు పెట్టండి. మనిషికొక పొట్లం కడితే పిల్లలకి కారం లేకుండా, పెద్దవాళ్లకి ఉప్పు తగ్గించి, ఎవరికి తగ్గట్టు వాళ్లకి చెయ్యొచ్చు. విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, ఆవిరి కొడుతుంది.

కొబ్బరిడొక్క
చింతపండు సంగతికి జవాబు రాలేదు.

పాలకొల్లు_కోడలు
పులుపు లోపల వెయ్యకండి. విప్పాక నిమ్మకాయ పిండుకోండి. అంతే.

కొబ్బరిడొక్క
పులుపు పట్టని చేప గోదావరి జిల్లాల్లో ఎవరు తింటారండీ?

రొయ్యల_చెరువు
ఫాయిల్ మెరిసే వైపు లోపలికి ఉండాలా, బయటికా? మా ఇంట్లో ప్రతిసారీ దీని మీదే గొడవ.

ఫౌండ్రీ_పనోడు
ఎటు ఉన్నా ఒకటే. ఆఖరిసారి రోలర్లలోంచి తీసేటప్పుడు రెండు రేకులు కలిపి పంపుతారు. రోలర్‌కి తగిలిన వైపు మెరుస్తుంది, రెండు రేకులూ ఒకదానికొకటి తగిలిన వైపు మసగ్గా ఉంటుంది.

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. విసురుతూ ఎర్రగా మండించిన బొగ్గుల మధ్య అంతకన్నా ఎక్కువ వేడే ఉంటుంది. పల్చటి రేకు అక్కడ చిల్లులు పడుతుంది. బూడిద పట్టిన నిప్పులని పై ఆవిడ చెప్పింది అందుకే.

ఇక పులుపు మాట. ఉప్పు, పులుపు, వేడి మూడూ కలిస్తే అల్యూమినియం కొంత తిండిలోకి దిగడం నిజమే. కానీ ఎంత అన్నది చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ 2011లో ఒక హద్దు పెట్టింది. ఒంటి బరువు కిలోకి వారానికి 2 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి వారానికి 120. ఏడాదికోసారి పండక్కి ఒక పొట్లం తింటే ఎవరికీ ఏమీ కాదు. రోజూ సిల్వర్ గిన్నెలో చారు కాచుకునేవాళ్లు ముందు ఆ గిన్నె సంగతి చూసుకోవాలి.

యానాం_గాలిపటం
ఇంకో మాట. బిర్యానీ కట్టిచ్చే వెండి రంగు కవర్లు ఫాయిల్ కాదు, వాటికి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వాటిని నిప్పుల మీద పెట్టేవాళ్లని చూశాను. దయచేసి వద్దు.

కొబ్బరిడొక్క
లెక్కలు కాగితం మీద బాగానే ఉంటాయి. మా ఇంట్లో నలభై ఏళ్లు సిల్వర్ గిన్నెల్లోనే పులుసులు కాచారు. మా నాన్నగారు కిడ్నీలు పాడై పోయారు. ఆయనకి తాగుడు లేదు, షుగర్ లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మీ కమిటీ చెబుతుందా?

ఫౌండ్రీ_పనోడు
బాధాకరమండీ. కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్లకి ఒంట్లో చేరిన అల్యూమినియం బయటికి పోదు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలన్నది నిజం. కానీ గిన్నెల వల్లే కిడ్నీలు పోయాయని దీన్నిబట్టి అనలేం.

కొబ్బరిడొక్క
మా నాన్నగారి సంగతి మీరు తేల్చక్కర్లేదు. హాస్పిటల్ చుట్టూ తిరిగింది నేను.

రేవు_అవతల
రెండు రోజులుగా చూస్తున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. మాది లంకలోనే వ్యవసాయం. అరటి, కంద, కూరగాయలు వేస్తాం. మీ గొడవంతా తినేవాడి పొట్ట గురించే. ఆ ఇసుక తిన్నె పక్కన మనుషులు బతుకుతున్నారని ఒక్కరికీ గుర్తురాలేదు.

కార్తీక వనభోజనాల దగ్గర మొదలవుతుంది, సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం ఇదే. పొద్దున పడవ దిగుతారు, చీకటి పడ్డాక వెళ్లిపోతారు. సోమవారం మేం వెళితే బూడిదలో సగం కాలిన రేకు ముక్కలు. ఫాయిల్ కట్టెలా కాలి బూడిదవదండీ. పెళుసెక్కి ముక్కలై ఇసుకలో కలిసిపోతుంది, వేళ్లతో ఏరాలి. దానికి చేప నూనె, ఉప్పు అంటుకుని ఉంటాయి, గేదెలు వాసన పట్టి నాకుతాయి, నమిలేస్తాయి. పోయినేడు మా చూడి గేదె కవర్లతో సహా మింగింది. నెమరు ఆగిపోయింది, పొట్ట ఉబ్బింది. డాక్టరు గారిని పడవలో తీసుకొచ్చేసరికి రాత్రయింది. గేదె బతికింది, దూడ దక్కలేదు. ఏరకుండా వదిలేసినదంతా జులై, ఆగస్టుల్లో వరద పట్టుకుపోతుంది. నది తీసుకెళ్లింది కదా, శుభ్రమైపోయింది అనుకుంటారు.

కొబ్బరిడొక్క
చూశారా? అదే ఆకు అయితే కుళ్లి మట్టిలో కలిసిపోయేది. మొదట్నుంచీ నేను చెప్పేది అదే.

రేవు_అవతల
ఎవరి ఆకండీ? మీరంతా బజారులో కొనుక్కొస్తున్నారా? కత్తి పట్టుకుని నేరుగా మా తోటలోకి దిగుతున్నారు. గెల వేసిన చెట్టు ఆకులు కోసేస్తే కాయ ఊరదు. అడిగితే పిలకల ఆకులు మేమే కోసిస్తాం. అడిగేవాళ్లేరీ?

పాలకొల్లు_కోడలు
మీ దూడ పోవడం చాలా బాధగా ఉంది. మేం మాత్రం పొట్లాలన్నీ ఉండచుట్టి ఇంటికి తెచ్చుకుంటాం. పారేసేది మనుషులు, దానికి ఫాయిల్ ఏం చేస్తుంది?

ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది నేనూ చెబుతాను. ఆకు, ఆకు అంటున్న మగవాళ్లు ఎన్నిసార్లు ఆకు తుడిచారు, ఈనె తీశారు, నార చీరారు? మా అత్తవారింట్లో వనభోజనాలంటే ఆడవాళ్లకి తెల్లవారుజామున మూడింటికి మొదలు. అక్కడికి వెళ్లినా పొయ్యి దగ్గరే. మగవాళ్లు పేకాట. తిరిగొచ్చాక మసిపట్టిన గుండిగలు రాత్రి పదింటికి తోముకునేది మేమే. ఫాయిల్ వచ్చాకే మొదటిసారి నేను ఇసుకలో కాళ్లు చాపుకు కూర్చుని గోదారిని చూశాను. దాన్ని మానెయ్యమనేముందు ఆ పని ఎవరు చేస్తారో చెప్పండి.

కొబ్బరిడొక్క
వంట అన్నాక కష్టం ఉంటుంది. రుచి ఊరికే రాదు.

పాలకొల్లు_కోడలు
రుచి మీకు, కష్టం మాకు. ఇప్పుడు బయటపడింది అసలు మాట.

రేవు_అవతల
అమ్మా, మీ బాధ న్యాయమే. కానీ ఒక్కటి చూడండి. మీ ఇంట్లో గిన్నెలు తోమే పని తప్పింది. ఆ పని ఇప్పుడు మా ఆవిడకి వచ్చింది. సోమవారం పొద్దున్నే గంప పట్టుకుని ఇసుకలో వంగి రేకు ముక్కలు ఏరుతోంది. మీరు తెచ్చుకుంటారేమో, మీ వెనక పడవలో వచ్చినవాళ్లు తెచ్చుకోరు. మేం చూసేది ఆ తిన్నెని. దాని మీద ఎవరి ముక్క ఏదో మాకెలా తెలుస్తుంది?

ఫౌండ్రీ_పనోడు
నిప్పులు ఇసుక మీద కాకుండా పాత ఇనప బాండీలో వేసుకుంటే ముక్కలు బాండీలోనే ఉంటాయి. బూడిదతో సహా తెచ్చుకోవచ్చు.

రేవు_అవతల
అది మంచి మాట. ఇసుకలో పూడ్చిన నిప్పు మర్నాటికీ వేడిగానే ఉంటుంది, మా పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.

గౌతమి_గాలి
బాండీ మా ఇంట్లో ఉంది. చేపకి అరటాకు, దుంపలకి ఫాయిల్ అనుకుంటున్నాం. ఆకులు మా పెరట్లోవే తెస్తాం. దుంపల్లో పులుపు లేదు కాబట్టి మేనత్త ఒప్పుకుంది. రైతు గారూ, తిన్నె మీదికి రావాలంటే ఎవరిని అడగాలి?

రేవు_అవతల
రేవులో పడవతన్ని అడగండి. ఏ తిన్నె పక్కన ఎవరి పొలం ఉందో అతనికి తెలుసు. పొలం వాళ్లకి ఓ మాట చెప్పి దిగండి. కొబ్బరి చిప్పలు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

పాలకొల్లు_కోడలు
చేపకి ఆకు అన్నారు, బాగుంది. ఆ ఆకులు తుడిచి, ఈనెలు తీసి, పొట్లాలు కట్టేదెవరు? మీరూ మీ బాబాయి గారి అబ్బాయిలూనా, మీ మేనత్త గారా?