వాయిదాలో కలిపేసిన 248 రూపాయలు: తప్పు మా నాన్నదా, దుకాణానిదా?

బత్తాయి తోట (నల్లగొండ)

ఏడు నెలల క్రితం మా నాన్న నల్లగొండలో ఒక దుకాణంలో వాయిదాల మీద ఫోను కొన్నారు. నెలకు 1,500 చొప్పున పది నెలలు అని చెప్పారట. మొన్న బ్యాంకు పుస్తకం ప్రింటు వేయించి చూస్తే నెలనెలా 1,748 పోతోంది. దుకాణం వాళ్లు ఇచ్చిన కాగితాన్ని బీరువాలోంచి తీసి చూశాను. రెండో పేజీ అడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు వరుసలున్నాయి. సినిమాల ప్యాకేజీకి 149, తెర పగిలితే మార్చి ఇచ్చే పథకానికి 99. కింద నాన్న సంతకం.

బత్తాయి కాటా దగ్గర తరుగు ఎక్కువ తీశారని దళారితో గంటసేపు వాదించే మనిషి ఆయన. అలాంటిది 248 రూపాయలు ఎలా వదిలేశారని అడిగాను. "కుర్చీలో కూర్చోబెట్టారు, చల్లటి నీళ్లిచ్చారు, ఫోనుకు నంబర్లు వస్తాయి చెప్పమన్నారు, చెప్పాను" అన్నారు. ఆ రోజు మెసేజీలు ఇంకా ఫోనులోనే ఉన్నాయి. పది నిమిషాల్లో మూడు ఓటీపీలు. ఏది అప్పుకు, ఏది సినిమాలకు అన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మా తమ్ముడు మాత్రం "సంతకం పెట్టాక ఏడిస్తే ఏం లాభం, చదువుకోవాల్సింది" అంటున్నాడు. మీరేమంటారు?

కౌంటర్ వెనక (మిర్యాలగూడ)

నేను ఫోన్ల దుకాణంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. ఆన్‌లైన్ ధరకే ఇమ్మని అందరూ అడుగుతారు. ఆ ధరకు ఇస్తే ఫోను మీద మాకు మిగిలేది టీ ఖర్చు. దుకాణం అద్దె, మా జీతాలు ఈ అదనపు పథకాల మీదే నడుస్తాయి. నెలకు ఇన్ని అమ్మాలని పై నుంచి లెక్క ఉంటుంది, తగ్గితే నా జీతంలోనే కోత.

ఇక చెప్పలేదు అన్న మాటకొస్తే, చెబితే వినేవారు ఎందరు? "బస్సు వెళ్లిపోతుంది, తొందరగా కానివ్వండి" అనేవారే ఎక్కువ. పైగా తెర పగలగొట్టుకుని వచ్చి, ఆ 99 వల్ల వేలు మిగిలాయని దండం పెట్టి వెళ్లినవారిని కూడా చూశాను. వాళ్లెవరూ ఇలా వచ్చి రాయరు.

పాలమూరువాసి

ఇలా కలిపి అమ్మే పథకాలను నిషేధించమని మాత్రం అడగకండి. నేను మహబూబ్‌నగర్‌లో గది తీసుకుని చదువుకుంటున్నాను. రీచార్జితో పాటు సినిమాల యాప్ వస్తే నలుగురం కలిసి చూస్తాం. విడిగా కొంటే అంతకు రెట్టింపు అవుతుంది.

పాత లైను

టెలిఫోను శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇది కొత్త జబ్బు కాదు. కాలర్ ట్యూన్ల రోజులు గుర్తున్నాయా? పొరపాటున ఒక మీట నొక్కితే పాట తగులుకునేది, నెలకింతని బ్యాలెన్సు కరిగిపోయేది. జ్యోతిషం, క్రికెట్ స్కోరు, జోకులు, అన్నీ అదే దారి. గొడవ ముదిరాక 2013లో ట్రాయ్, అంటే ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, గట్టి ఆదేశం ఇచ్చింది. అదనపు సేవ ఏదైనా సరే, వినియోగదారు రెండుసార్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. వద్దనుకుంటే 155223కు ఫోను చేయాలి, నాలుగు గంటల్లో ఆపాలి. సేవ మొదలైన 24 గంటల్లోపు చెబితే కోసిన డబ్బు వెనక్కివ్వాలి.

కానీ బత్తాయి తోట గారూ, మీ నాన్నగారి విషయంలో ఆ నంబరు పనిచేయదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ముందు డబ్బు ఎక్కడి నుంచి పోతోందో చూడాలి. సిమ్ బ్యాలెన్సులోంచి పోతే 155223, లేదా మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198. యూపీఐలోంచి పోతే యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి మీరే రద్దు చేసుకోవచ్చు. మీది ఈ రెండూ కాదు, అప్పు వాయిదాలో కలిసిపోయింది. బ్యాంకుకు 1,748 అన్న ఒకే ముద్ద కనబడుతుంది, అందులో సినిమా ఎంతో దానికి తెలియదు. ఆ 248 కోసం వాయిదానే ఆపేశారనుకోండి, చెక్కు బౌన్సయినట్టు జరిమానా పడుతుంది, అప్పు రికార్డు పాడవుతుంది. కాలర్ ట్యూన్ ఇంతకంటే నయం. ఆపినా ఫోను ఫోనుగానే ఉండేది.

కౌంటర్ వెనక

పాత లైను గారు చెప్పింది నిజం. వాయిదా మాత్రం ఆపకండి.

మగ్గం చప్పుడు (నారాయణపేట)

మీరంతా పెద్ద ఫోన్ల గురించి మాట్లాడుతున్నారు. మా పిన్ని దగ్గర ఉన్నది మీటల ఫోను. బాబాయి పుణెలో మేస్త్రీ పనికి వెళ్లాడు, ఆదివారం మాట్లాడటానికే ఆ ఫోను. అందులో ఇంటర్నెట్టే లేదు. అయినా ఏళ్ల తరబడి రోజుకు ఇంత డేటా అని ఉన్న ప్యాకే వేయించుకుంది. వాడలేని డేటాకు డబ్బు కట్టడం అంటగట్టడం కాక మరేమిటి? దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దీనికి ఓటీపీ లేదు, సంతకం లేదు, మోసం అని పేరు లేదు.

2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చింది. మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు కూడా ప్రతి కంపెనీ పెట్టాలని, గడువు 90 రోజుల దగ్గర ఆగకుండా 365 రోజుల దాకా ఉండవచ్చని. 2025 జనవరిలో అవి వచ్చాయి కూడా. మా ఊరి రీచార్జి కొట్టు గోడ మీద మాత్రం డేటా ప్యాకుల పోస్టర్లే ఉన్నాయి. నేను పట్టుబట్టి అడిగితేనే కొట్టతను తన ఫోనులో కిందికి, ఇంకా కిందికి జరిపి చూపించాడు.

పాలమూరువాసి

ఈ మాట ఒప్పుకుంటాను. నాకు కావాల్సింది నాకు ఉండాలి, పిన్నిగారికి అక్కర్లేనిది ఆమెకు ఉండకూడదు. అయినా సంతకం సంగతి తేలలేదు. ఒక పెద్దమనిషి సంతకం పెట్టాక అది చెల్లదంటే ఇక ఏ కాగితానికి విలువ?

కోర్టు మెట్లు (నల్లగొండ)

సంతకానికి విలువ ఉంది. ఏ కాగితం మీద అన్నదే ప్రశ్న.

అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ అక్టోబరు 1 నుంచి, ఇలా నెలనెలా తీర్చే కొత్త అప్పులు వ్యక్తులకు ఇచ్చేటప్పుడు, షరతులన్నీ కుదించిన ముఖ్యాంశాల పత్రం ముందుగా ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులోని విషయాలు వివరించి, అర్థమైందని వారి చేత ఒప్పించుకోవాలి. ఆ పత్రంలో లేని రుసుము ఏదీ, స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, మధ్యలో వసూలు చేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు కూడా ఉంది. మూడు రోజుల గడువున్న చోట పది నిమిషాల్లో మూడు ఓటీపీలు! కాబట్టి "ఎందుకు చదవలేదు" అని మీ నాన్నగారిని అడిగే ముందు "తెలుగులో ఎందుకు ఇవ్వలేదు" అని అప్పిచ్చిన సంస్థను అడగాలి. బస్సుకు తొందరపడటం ఒప్పుకోవడం కాదు.

అడగని వస్తువును బిల్లులో దూర్చడం, సులువుగా బయటపడలేని చందాలో ఇరికించడం, ఈ రెండూ 2023 నవంబరులో కేంద్రం ప్రకటించిన 13 మోసపు పద్ధతుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా ఆన్‌లైన్ వేదికలను దృష్టిలో పెట్టుకుని చేసింది, దుకాణం కౌంటరుకు నేరుగా అతుకుతుందా అని ఎదుటివారు వాదిస్తారు. అందుకని దాన్నొక్కదాన్నే పట్టుకుని వెళ్లకండి.

ముందు అప్పిచ్చిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. తరువాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన విలువ ఐదు లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మాలాంటి వాళ్లకు ఇది నచ్చని మాటే అనుకోండి.

కౌంటర్ వెనక

ఆ పత్రం తెలుగులో ఇవ్వాలని నాకు ఎవరూ చెప్పలేదు. మా దగ్గర ట్యాబ్‌లో ఇంగ్లీషులో వస్తుంది, వేలితో కిందికి జరిపి "ఇక్కడ నొక్కండి" అంటాం. నిజం చెప్పాలంటే చాలాసార్లు నొక్కేది కూడా మేమే.

బత్తాయి తోట (నల్లగొండ)

నిన్న నాన్నను తీసుకుని దుకాణానికి వెళ్లాను. మళ్లీ కుర్చీ, మళ్లీ చల్లటి నీళ్లు. మేనేజరు కంప్యూటర్‌లో చూసి, సినిమాల ప్యాకేజీ ఒక్కసారి కూడా తెరవలేదని తనే చెప్పాడు. నాన్న నింపాదిగా, "మరి ఏడు నెలలు ఆ సినిమాలు ఎవరు చూశారు బాబూ?" అని అడిగారు. అతను నవ్వేశాడు, నాన్న నవ్వలేదు. వచ్చే నెల నుంచి 149 ఆపుతామన్నారు. పోయిన 1,043 సంగతి అప్పిచ్చిన సంస్థతో తేల్చుకోమన్నారు.

99 కూడా తీయించబోతే నాన్నే వద్దన్నారు. మోటారు దగ్గర ఫోను చేజారడం ఆయనకు మామూలే. ముందే అడిగి ఉంటే అప్పుడే ఒప్పుకునేవాడినన్నారు. కౌంటర్ వెనక గారూ, ఈ ముక్క మీకోసమే రాశాను.

సంస్థకు ఫిర్యాదు పంపాను, నంబరు వచ్చింది. తెలుగు పత్రం ఇచ్చినట్టు రుజువు చూపమని అడిగాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను. తమ్ముడు ఇంకా సంతకం మాటే అంటున్నాడు.