ఉద్యమకారుడి పని అందుకోవాల్సింది మనవలేనా?

కృష్ణలంక:
మా తాతయ్య ఊళ్ళో పెట్టిన గ్రంథాలయం తాళం ఇప్పుడు నా దగ్గరుంది. అందుకే అడుగుతున్నాను. నా మటుకు నాకు, పెద్దల పని మనవలే అందుకోవాలి. గాంధీజీ మనవరాలు, ఇలా అనే పేరుగల ఇలా గాంధీ గారిని చూడండి. 1904లో గాంధీ దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమంలో ఆమె 1940లో పుట్టారు. గాంధీ 1914లో దక్షిణాఫ్రికా వదిలి వచ్చేశారు. తర్వాత ఆయన కొడుకు మణిలాల్ మళ్ళీ అక్కడికెళ్ళి, 1956లో కన్నుమూసేదాకా 'ఇండియన్ ఒపీనియన్' పత్రికను నిలబెట్టారు. ఇలా గారు ఈ మణిలాల్ కూతురే. 1973లో జాతివివక్ష ప్రభుత్వం ఆమెపై నిషేధం పెట్టి ఏళ్ళ తరబడి ఇల్లు కదలనివ్వలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. 1994 నుంచి 2004 దాకా పార్లమెంటు సభ్యురాలు. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే ఇంత ఓపిక ఉంటుంది.

పొందూరు:
ఇలా గారంటే నాకూ గౌరవమే. కానీ "ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే" అన్న మాట ఒప్పుకోను. జుహూ బీచ్‌లో గాంధీ చేతికర్ర కొస పట్టుకుని ముందు నడిచే పిల్లాడి ఫొటో చూసే ఉంటారు. ఆ పిల్లాడు కనూ గాంధీ, ఆయన మనవడే. అమెరికా వెళ్ళి నాసాలో పనిచేశారు. అది తప్పా? చివర్లో భార్యతో ఢిల్లీలో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నప్పుడు మాత్రం "గాంధీ మనవడికి ఈ గతా" అని వార్తలొచ్చాయి. ఆయన జీవితంలో ఏం చేశారో అడిగినవాళ్ళు తక్కువ. ఒక పిల్లాడి మీద ఇంత బరువు పెట్టే హక్కు మనకెక్కడిది?

ఇంకో సంగతి. ఫీనిక్స్ ఉన్న ఇనాండాలోనే జాన్ దూబే నల్లజాతి పిల్లలకోసం ఓహ్లాంగే స్కూలు పెట్టారు. 1912లో పుట్టిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు మొదటి అధ్యక్షుడు ఆయనే. 1994లో మండేలా ఓటు వేయడానికి ఎంచుకున్నది ఆ స్కూలునే. ఆయన దూబేకి మనవడు కాదు.

డర్బన్ తెలుగు:
మా ముత్తాత ఇక్కడి చెరకు తోటల్లోకి కూలీగా వచ్చాడు. 1985 అల్లర్లలో ఫీనిక్స్ ఆశ్రమం తగలబడింది. 'ఇండియన్ ఒపీనియన్' అచ్చు యంత్రం ఆడిన చోట బూడిద మిగిలింది. 2000లో మళ్ళీ కట్టి తెరిచారు. మధ్యలో గడిచిన ఆ పదిహేనేళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే ముఖ్యం. గాంధీ పేరు ఆ మంటల్ని ఆపలేదు. పేరున్నవాళ్ళు కొందరు, పేరులేని ఇరుగుపొరుగు ఎందరో పట్టుబడితేనే ఆ గోడలు మళ్ళీ లేచాయి. ఇలా గారి గొప్పతనం మనవరాలు కావడంలో లేదు. నిషేధం వచ్చినప్పుడు ఆ శిక్ష ఆమే స్వయంగా అనుభవించారు, తాత పేరు అడ్డం పెట్టుకోలేదు.

కృష్ణలంక:
పొందూరు గారూ, "ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకే" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. మండేలా ఓటు సంగతి చదివాక ఆ మాట నిలవదు. కానీ వదిలేయమంటే మాత్రం నా వల్ల కాదు. మా గ్రంథాలయంలో సాయంత్రం వచ్చే పిల్లలు పదిమంది ఉంటారు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు ఇంకో నలుగురు. నేను ఊళ్ళో లేని రోజు తలుపు తెరుచుకోదు. ఆ టెన్షన్ నాదొక్కదానిదే అనుకుని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. రేపు రెండో తాళంచెవి చేయించి ఆ నలుగురిలో ఒకరికిస్తాను.