పాటలో వారాలన్నీ వస్తున్నాయి, విడిగా అడిగితే రావట్లేదు

బుడిబుడి:
నాలుగేళ్ల పిల్లలకు వారాల పేర్లు ఏబీసీడీ ట్యూన్‌లో నేర్పుతున్నాం. తడుముకోకుండా పాడేస్తారు. "బుధవారం తర్వాత ఏంటి?" అంటే మాత్రం మళ్లీ సోమవారం నుంచి ఎత్తుకుంటారు. పైగా "వారంబుధ" అని ఒక పేరున్నట్టు పలుకుతున్నారు. కొత్త ట్యూన్ కట్టాలా?

తాళంచెవి:
వద్దండి. ట్యూన్ ముందే తెలిస్తే ధ్యాసంతా మాటల మీదే ఉంటుంది. 1994లో వాండా వాలెస్ అనే పరిశోధకురాలు పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, ఒకే ట్యూన్ మూడు చరణాల్లో తిరిగి వచ్చినప్పుడే పాడి వినిపించిన మాటలు చదివి వినిపించిన వాటికంటే బాగా గుర్తున్నాయి. ఒక్క చరణమే వింటే ఆ లాభం లేదు.

మీ చిక్కు అక్షరాల లెక్కలో ఉంది. ఆ ట్యూన్‌కి వరుసకు ఏడు స్వరాలు, చివరిది రెండింతలు పొడవు. మీ పేర్లన్నీ కలిపి 29 అక్షరాలు. మొదటి వరుస "సోమవారం మంగళ" దగ్గర తెగి, రెండోది "వారం బుధవారం గు" అని మొదలవుతుంది. చెవికి వరుస తెగిన చోటే మాట కూడా తెగుతుంది. ఎల్, ఎమ్, ఎన్, ఓ రెట్టింపు వేగంలో పడి ఒకే అక్షరంలా వినిపించడమూ ఇలాంటి గొడవే.

"వారం" తీసేయండి. రెండు దెబ్బలకు ఒక పేరు: సో-మ, మం-గళ ("గళ" ఒకే దెబ్బలో), బు-ధ, పొడవు స్వరం దగ్గర చప్పట్లు. అక్కడ "ధ" సాగదీస్తే "ధా" అయిపోతుంది. రెండో వరుస: గు-రు, శు-క్ర, శ-ని, ఆ-ది. పొడవు స్వరాన్ని రెండుగా విడగొడితే "ఆది" సరిగ్గా కూర్చుంటుంది.

గిలక్కాయ:
లెక్క బాగుంది, కానీ ట్యూన్ ఎంపికతో ఏకీభవించను. ఏబీసీడీ అదే ట్యూన్‌లో వచ్చిన పిల్లలు మధ్యలో అటు జారిపోతారు. ఆ ట్యూనూ అరువుదేలెండి: 1761లో ఫ్రాన్స్‌లో అచ్చయింది, 1835లో బోస్టన్‌లో దానికి ఇంగ్లిష్ అక్షరాలు తగిలించారు. నేనైతే ఏ జాబితా అంటుకోని ఊయల పాట ట్యూన్ తీసుకుంటాను.

మొదట్నుంచి ఎత్తుకోవడం తప్పు కాదు, పాట గొలుసులా పట్టుబడిందన్నమాట. ఇక లింకులు ఊడదీయాలి. ముందు పేరుకో కార్డు చూపిస్తూ నెమ్మదిగా పాడించండి. తర్వాత మీరు "సోమ, మంగళ..." అని ఆగితే వాళ్లు అందుకోవాలి, ఆగే చోటు రోజూ మార్చండి, లేకపోతే అదే కంఠతా వస్తుంది. ఆపైన బుధ నుంచో శుక్ర నుంచో మొదలుపెట్టండి. చివరికి ట్యూన్ వదిలేసి చప్పట్లతో మామూలుగా పలికించండి, అప్పుడు "వారం" చేర్చండి. చాలామంది ఈ చివరి మెట్టే ఎగ్గొడతారు.

బుడిబుడి:
కార్డులు సరే. ఒకేసారి ఏడూ పరచాలా?

గిలక్కాయ:
మూడుతో మొదలుపెట్టండి. కార్డులు చూపించే వేలు పాటకంటే ముందు పరిగెడుతుంటే వేగం తగ్గించండి.