నిరామయ బీమా ఎవరైనా వాడారా? మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ

మా బాబుకి నాలుగేళ్లు, రెండు కాళ్లూ బిగుసుకుపోయి ఉంటాయి, పట్టుకుంటే నిలబడతాడు. మాటలు మాత్రం గలగలా వచ్చేస్తాయి, ఇంట్లో అందరి మీదా పెత్తనం వాడిదే. మాది ప్రకాశం జిల్లాలో పల్లె. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి ఒంగోలు వెళ్తున్నాం, బస్సులో ఎత్తుకుని వెళ్లొచ్చేసరికి నా నడుం పడిపోతోంది, ఆ రోజు ఆయన కూలీ పోయినట్టే.

సదరం (వైకల్యం) సర్టిఫికెట్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్లు ఇలాంటి వైకల్యాలు ఉన్నవాళ్లకి ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తారని, అందులో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుందని తెలిసింది, కానీ ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపాలట. మీలో ఎవరికైనా డబ్బు పడిందా? ఎన్నాళ్లకి? బిల్లు మీద డాక్టర్‌తో ఏం రాయించుకోవాలి? మా దగ్గర థెరపీ చేసే ఆయన చీటీ ముక్క మీద రాసిస్తాడు, అది చెల్లుతుందా అని టెన్షన్.

ఇంకొకటి. ఇంట్లో వ్యాయామాలు ఎలా చేయించాలో తల్లులకి నేర్పే చోటు కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకి వెళ్లమంటున్నారు. తెలివికి ఏ లోటూ లేని మా వాడిలాంటి పిల్లల్ని కూడా అక్కడ చూస్తారా? వెళ్లొచ్చిన అక్కలు, అన్నలు కాస్త చెప్పండి.